టైపక్క తెచ్చుకున్న కాపీ

తన గది ఖాళీ చేయించే నోటీసును తన వేళ్ళతోనే టైపు చేసి, ఒక్క తప్పు లేకుండా అచ్చు తీసి, సంతకం పెట్టాల్సిన చోట చుక్కల గీత కూడా వేసి ఇచ్చిన మనిషి ఎక్కడైనా ఉంటుందా అంటే, ఉంది. అందరూ ఆవిణ్ణి టైపక్క అంటారు.

భూముల కాగితాలు నమోదు చేసే ఆఫీసు వెనక వరండాలో వరసగా ఐదు టైపింగు గదులున్నాయి. గది అనడం మర్యాదకే. ఒక బల్ల, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, రెండు కుర్చీలు పెట్టాక మనిషి పక్కకి తిరిగి లోపలికి రావాలి. టైపక్కది రెండో గది. ఇరవై ఆరేళ్ళుగా అందులోనే కూర్చుంది. మొదట టకటకలాడే చేతి మిషను, తర్వాత కంప్యూటరు. ఆఫీసులో ఉన్న ఒక్క టైపిస్టు రిటైరయ్యాక ఆ కుర్చీలోకి ఎవరినీ తీసుకోలేదు కాబట్టి ఆఫీసు ఉత్తరాలు కూడా ఆవిడ దగ్గరికే వస్తాయి. పై అధికారి చేతిరాత చదవగలిగింది ఆవిడ ఒక్కతే. ఆయన రాసింది మర్నాడు ఆయనకే అర్థం కాదు.

టైపు చేసేటప్పుడు ఆవిడ వేళ్ళు చదువుతాయి, బుర్ర చదవదు. ఆ రోజూ అంతే. అటెండరు చీటీ ఇచ్చాడు, ఈవిడ టకటకా కొట్టి ఇచ్చేసింది. గంట తర్వాత అదే కాగితాన్ని తెచ్చి తన తలుపుకే అతికిస్తుంటే అప్పుడు చదివింది. మూడో పేరాలో ఇలా ఉంది: "ప్రతి టైపింగు గదివారు తమ కంప్యూటరులో వాడుచున్న సిస్టంకు సరైన లైసెన్సు పత్రమును ఒకటవ తేదీ తనిఖీలో చూపవలెను. చూపలేనివారు అదే రోజున గది ఖాళీ చేయవలెను."

సిస్టం అంటే మీట నొక్కగానే లేచి మిగతా సాఫ్ట్‌వేర్లన్నిటినీ నడిపించేది. అది లేకపోతే కంప్యూటరు ఉత్త డబ్బా. ఆ ఐదు గదుల డబ్బాలకీ సిస్టం ఎక్కించింది ఒకడే, బజారు మూల మీద రిపేరు కొట్టు పెట్టుకున్నవాడు. వరండాలో వాణ్ణి డబ్బా డాక్టరు అంటారు. నోటీసు అంటించిన పూటే, పిలవకుండానే వచ్చాడు.

"అక్కా, చూశావా? కొత్త మిషను తీసుకోవాల్సిందే. లైసెన్సుతో సహా నా దగ్గరుంది" అన్నాడు, గుమ్మానికి ఆనుకుని.

"ఇందులో ఉన్నదానికి లైసెన్సు లేదా?"

"దీనికా? ఇది కాపీ అక్కా."

"ఎక్కించిన రోజు ఒరిజినలే అన్నావుగా."

"ఊరంతా అదే వాడతారు. ఎవరు అడిగారు ఇన్నాళ్ళూ?"

"నేను అడిగాను. నువ్వే అబద్ధం చెప్పావు." టైపక్క గొంతు పెంచలేదు. "ఏడేళ్ళనుంచి దొంగసొత్తు మీద కూర్చోబెట్టి, ఇప్పుడొచ్చి లేచి పొమ్మంటున్నావు."

డాక్టరు నవ్వేశాడు. వాడి కళ్ళు గది కొలతలు తీస్తున్నాయి. అక్కడ జిరాక్సు మిషను పెట్టుకోవాలని వాడికి ఎప్పటినుంచో ఉంది, ఆ సంగతి వరండాలో అందరికీ తెలుసు. "ఈ వయసులో నీకెందుకక్కా ఈ తిప్పలు. హాయిగా ఇంట్లో కూర్చో" అని సలహా కూడా పారేసి వెళ్ళాడు. ఉచిత సలహాలకి మాత్రం లైసెన్సు అక్కర్లేదు మరి.

టైపక్క సంగతి డాక్టరుకి సరిగ్గా తెలియదు. చేసిన తప్పు ఆవిడ వెంటనే ఒప్పుకుంటుంది. చేయని తప్పు మాత్రం తల తెగినా ఒప్పుకోదు. పదిహేడేళ్ళప్పుడు టైపు పరీక్షలో అందరికన్నా ముందు పేజీ ముగిస్తే, పరీక్ష పెట్టినాయన పక్కవాళ్ళది చూసి కొట్టావన్నాడు. మిషను మీద తువ్వాలు కప్పి, మీటలు కనబడకుండా, అదే పేజీ మళ్ళీ కొట్టి ఆయన బల్ల మీద పెట్టి వచ్చింది. మార్కులు ఎన్నొచ్చాయో ఈనాటికీ చెప్పదు, తువ్వాలు సంగతి మాత్రం చెబుతుంది. అలాంటి మనిషిని ఇప్పుడు దొంగ కాపీ మనిషిగా తేల్చి గది ఖాళీ చేయమంటున్నారు. గది పోవడం ఒక ఎత్తు. ఆ పేరుతో పోవడం ఇంకో ఎత్తు. ఆవిడకి రెండోదే ఎక్కువ మండింది.

ఇంటికి వెళ్ళి సంగతంతా వదినకి చెప్పింది. వదిన అంటే భర్త అక్కగారు. ముప్పై ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైంది. కళ్ళు మందగించాయి గానీ చెవులు ఇంకా పాము చెవులే. నోరైతే చెప్పనక్కర్లేదు. ఇంట్లో ఎవరు ఏ మాట తప్పు పలికినా పక్క గదిలోంచి దిద్దుతుంది.

"దొంగదాన్ని ఇచ్చినవాడు దొర, తెలియక వాడినదానివి నువ్వు దొంగా?" అంది వదిన. "లైసెన్సు ఉన్నది ఇంకెక్కడా దొరకదా, వాడి దగ్గర తప్ప?"

ఆ మాటతో టైపక్కకి ఏదో తట్టింది. ఆవిడకో అలవాటుంది. టైపు చేసిన ప్రతి కాగితానికీ ఒక ప్రతి కంప్యూటరులో దాచి ఉంచుతుంది. ఏడాది తర్వాత ఎవడో వచ్చి తాతగారి పేరు మార్చాలంటాడు, మళ్ళీ మొదటినుంచి కొట్టే ఓపిక ఆవిడకి లేదు. మర్నాడు గది తెరవగానే వెతికింది. దొరికింది. కిందటేడు ఒక కాలేజీ లెక్చరరమ్మ కొట్టించుకెళ్ళిన నాలుగు పేజీలు. అప్పుడు వేళ్ళు చదివాయి, ఇప్పుడు బుర్ర చదివింది.

అందులో ఉన్నదిది. లోకంలో ఎందరో కలిసి రాసి, అందరికీ వదిలేసిన సిస్టం ఒకటుంది. ఎవరైనా దించుకోవచ్చు, వాడుకోవచ్చు, లోపల ఎలా రాశారో చూడవచ్చు, మార్చుకోవచ్చు, కాపీలు తీసి పంచవచ్చు. ఇవన్నీ చేసుకోవచ్చని దాని లైసెన్సులోనే రాసి ఉంది. పాత మిషన్ల మీద కూడా నడుస్తుంది. దాన్ని ఎలా దించి, ఎలా ఎక్కించుకోవాలో మెట్టుమెట్టుగా రాసి ఉంది.

టైపక్క లైసెన్సు సంగతి చెప్పిన వాక్యం మూడుసార్లు చదివింది. కాపీ తీయవచ్చని లైసెన్సే చెబుతోంది. ఇరవై ఆరేళ్ళుగా ఎన్ని వేల పత్రాలు కొట్టిందో, ప్రతిదానిలోనూ "చేయరాదు", "చెల్లదు", "హక్కు లేదు" అనే మాటలే. "చేయవచ్చు" అని ఇన్నిసార్లు వచ్చిన పత్రం ఇదే మొదటిది. ఆవిడకి ఉన్నట్టుండి కళ్ళు చెమ్మగిల్లాయి. అందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

తనిఖీకి పన్నెండు రోజులుంది. ఫైలు పెద్దది, ఫోన్లో దించితే ఏడాది పడుతుంది. నెట్టు వేగంగా ఉండేది గ్రంథాలయంలో. అక్కడి నియమం ప్రకారం కార్డుకి రోజుకి ఒక గంట మాత్రమే. టైపక్క వెళ్ళి ఫైలు పెన్‌డ్రైవులోకి దించడం మొదలుపెట్టింది. గంటయ్యేసరికి సగం కూడా రాలేదు. సగం కొట్టిన కాగితాన్ని మర్నాడు మళ్ళీ మిషనులో దూర్చి ఆపిన చోటినుంచి కొట్టడం ఆవిడకి చిన్నప్పటినుంచీ అలవాటు. దీన్నీ అలాగే మూడు రోజులపాటు ఆపిన చోటినుంచి అతికించుకుంటూ దించింది. నాలుగు పేజీల్లో ఒక మాట ఉంది, దించడం మధ్యలో ఆగితే మళ్ళీ మొదటినుంచి దించుకోమని. ఆ మాట కూడా తనే కొట్టింది. అయినా అది ఇంకెవరికో అనుకుంది.

నాలుగు పేజీల్లో ఇంకో మెట్టు ఉంది. దించుకునే సైటులోనే ఆ ఫైలుకి ఒక గుర్తు ఇస్తారు, అరవై నాలుగు అంకెలూ అక్షరాలూ కలిపి. మన దగ్గరున్న ఫైలునుంచి కూడా ఒక ఆజ్ఞతో అలాంటి గుర్తే రాబట్టాలి. రెండూ సరిపోతే కాపీ మంచిది. టైపక్క సైటు గుర్తును గ్రంథాలయంలోనే కాగితం మీద రాసుకుంది. గదికొచ్చి తన ఫైలు గుర్తును రాబట్టింది, తెర మీద అది ఒక చిన్న కాగితంలా వచ్చింది. ఇక పోల్చి చూడాలి. అచ్చాఫీసులో దీనికి ఒకటే పద్ధతి. ఒకరు మూలం పైకి చదవాలి, ఒకరు నకలు పట్టుకుని చూడాలి. వదినని రప్పించింది.

వదిన కళ్ళజోడు తుడుచుకుని, నకలు అచ్చు తీయించి, ఎర్ర పెన్ను తీసింది. టైపక్క చదివింది. "ఏడు. సి. మూడు. మూడు. ఎఫ్."

"తప్పు. తప్పు. తప్పు. ఆగవే. మళ్ళీ తప్పు" అంది వదిన. "ఎవరు కంపోజు చేశారే దీన్ని? వాడి చెయ్యి విరిచేయాలి."

అరవై నాలుగింటిలో నాలుగో అయిదో కలిశాయి. మిగతా అన్నిటికీ వదిన పక్కన ఎర్రగా దిద్దింది. టైపక్క ఆ దిద్దిన కాగితం ముందు పెట్టుకుని, తెర మీది చిన్న కాగితంలో తప్పులన్నీ సరిచేసి, మళ్ళీ అచ్చు తీసి ఇచ్చింది. రెండోసారి చదివితే అరవై నాలుగూ అక్షరం పొల్లు పోకుండా కలిశాయి. వదిన కింద "సరి" అని రాసి సంతకం పెట్టింది. ఇద్దరూ తృప్తిగా టీ తాగారు.

ముప్పై ఏళ్ళు ఒకరు, ఇరవై ఆరేళ్ళు ఒకరు చేసిన పని అదే మరి. మూలం ఎప్పుడూ ఒప్పు, నకలు ఎప్పుడూ తప్పు, నకలుని దిద్దితే పని అయిపోతుంది. జ్వరం కొలిచే పుల్ల మీద అంకె చెరిపేసి తక్కువ అంకె రాస్తే జ్వరం తగ్గదని ఆ పూట ఇద్దరికీ తోచలేదు.

మర్నాడు టైపక్క తన కాగితాలన్నీ వేరే పెన్‌డ్రైవులో భద్రం చేసి, నాలుగు పేజీలు పక్కన పెట్టుకుని, ఒక్కో మెట్టే ఎక్కింది. దొంగ సిస్టం పోయింది. కొత్తది ఎక్కడం మొదలైంది. సగం ఎక్కింది. ఆగిపోయింది. తెర నల్లబడి, మూలన ఒక తెల్ల గీత మిణుకుమిణుకుమంటూ ఉండిపోయింది. ఆపి మళ్ళీ పెట్టినా అక్కడే ఆగింది.

సరిగ్గా అప్పుడే డబ్బా డాక్టరు అటు వెళుతూ తొంగిచూశాడు. "పోయిందా అక్కా? చెప్పాను కదా. ఊరికే వచ్చేదానికి విలువేముంటుంది?"

"నీ మాటలూ ఊరికే వస్తున్నాయి కదా, వాటి విలువ కూడా అంతేనా?" అంది టైపక్క. వాడు వెళ్ళాక మాత్రం రెండు చేతులూ మీటల మీద పెట్టి అలాగే కూర్చుంది. ఆ వేళ్ళకి పని లేకుండా ఉండటం ఆవిడకి గుర్తున్నంతలో అదే మొదటిసారి. భయమేసింది. ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది. తనిఖీ ఆరు రోజుల్లో ఉంది.

ఇంట్లో వదిన సంగతి విని, ఎర్రగా దిద్దిన కాగితం తీసి మళ్ళీ చూసింది. తర్వాత, "ఏమే, మనం దిద్దింది దేన్ని?" అంది.

"గుర్తుని."

"ఫైలుని దిద్దామా?"

"లేదు."

"మరి గుర్తు తప్పొచ్చిందంటే ఫైలు తప్పనేగా అర్థం. ముప్పై ఏళ్ళు ప్రూఫులు చూశాను, ఇంత గొప్ప గాడిద పని ఎన్నడూ చేయలేదు. కింద సంతకం కూడా పెట్టాను." వదిన నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్ళజోడు తీసేసింది. టైపక్కకి మొదట ఏడుపొచ్చి, అది కాస్తా నవ్వులోకి తిరిగింది.

"వదినా, మళ్ళీ దించుతాను. ఈసారి ఏకబిగిని."

"కార్డుకి గంటేగా?"

"ఇంట్లో మూడు కార్డులున్నాయి."

గ్రంథాలయంలో కార్డు ఎవరిదైతే వాళ్ళే కుర్చీలో ఉండాలి. కాబట్టి ముగ్గురూ వెళ్ళారు. మొదటి గంట టైపక్క కూర్చుంది. రెండో గంట వదిన, తెర మీది గీత పాకుతుంటే దాన్ని కాపలా కాస్తూ, ఎవరైనా తీగ దగ్గరికి వస్తే కళ్ళతోనే తరిమేస్తూ కూర్చుంది. మూడో గంట భర్త వంతు. ఆయన బస్సు డ్రైవరు, సెలవు పెట్టి వచ్చాడు. ఊరికే కూర్చోకూడదు, ఏదైనా చదవాలి అని లైబ్రేరియను గద్దించడంతో చేతికందిన కోళ్ళ పెంపకం పుస్తకం తెరిచాడు. ఫైలు పూర్తయ్యాక కూడా ఆయన లేవలేదు, గుడ్ల అధ్యాయం మధ్యలో ఉన్నాడు.

ఫైలైతే వచ్చింది, మరి దాని గుర్తు రాబట్టడానికి టైపక్క మిషను చచ్చి పడుంది. వదినని వెంటబెట్టుకుని నాలుగో గదిలో టైపు చేసే అమ్మాయి దగ్గరికి వెళ్ళింది. ఆ పిల్ల భయస్తురాలు, అప్పటికే సామాను సర్దుకుంటోంది.

"అక్కా, డాక్టరుకి తెలిస్తే రేపు నా మిషను చెడినా ముట్టుకోడు."

"ఒకటో తారీఖు తర్వాత నీ గదే ఉండదు, ఇంక మిషను చెడేదెక్కడ? తలుపు వెయ్యి."

ఆ పిల్ల తలుపు వేసింది. గుర్తు రాబట్టారు. టైపక్క చదివింది, వదిన చూసింది. ఈసారి ఎర్ర పెన్ను తెరవలేదు. "సరి. సరి. సరి." అరవై నాలుగోది టైపక్క మెల్లిగా చదివింది. "తొమ్మిది."

"తొమ్మిది" అంది వదిన. "ఇప్పుడు వెనకనించి చదువు. ముందునించి చదివితే చెవి ముందే ఊహించేసుకుంటుంది." వెనకనించీ కలిసింది. నాలుగో గది అమ్మాయి సర్దిన పెట్టె మీదే కూర్చుని వింటున్నదల్లా, లేచి సామాను విప్పడం మొదలుపెట్టింది.

సాయంత్రానికల్లా టైపక్క మిషను లేచి కూర్చుంది. తన వేళ్ళకి అలవాటైన మీటల వరస వెతకడానికి ఒక పూట, ప్రింటరు అలక తీర్చడానికి ఇంకో పూట పట్టింది. తర్వాత లైసెన్సు మొత్తం అచ్చు తీసి, దానికి తెలుగులో తాత్పర్యం తనే కొట్టి, కుట్టి, అట్ట వేసింది.

ఒకటో తారీఖు పదకొండు గంటలకి పై అధికారి తనిఖీకి వచ్చాడు. వెనకే అటెండరు, ఆ వెనక ఎవరూ రమ్మనకపోయినా డబ్బా డాక్టరు. మొదటి గదిలో కొత్త మిషను, దాని బిల్లు చూశారు. రెండో గది ముందు ఆగారు.

"బిల్లు ఏదమ్మా?"

"బిల్లు లేదండి. లైసెన్సుంది." అట్ట వేసిన పుస్తకం చేతికిచ్చింది.

"బిల్లు లేకుండా లైసెన్సేంటి?"

"నోటీసులో అడిగింది లైసెన్సేనండి. మూడో పేరా. నేనే టైపు చేశాను. బిల్లు అనే మాట ఎక్కడా లేదు."

ఆయన నోటీసు చూశాడు. తర్వాత పుస్తకం తెరిచి నిలబడే చదివాడు. చదువుతున్నంతసేపూ డాక్టరు, "ఊరికే వచ్చేదండీ అది, ఎవరు పడితే వాళ్ళు ఇచ్చేది" అంటూనే ఉన్నాడు. ఆఖరికి అధికారి తలెత్తి, "సరే, రాసున్నది రాసున్నట్టే ఉంది. మీరు వాడుకోండి. కానీ దీన్ని మళ్ళీ ఇంకొకళ్ళకి కాపీ చేసి ఇవ్వకండి. అది మళ్ళీ దొంగ కాపీ అవుతుంది" అన్నాడు.

టైపక్కకి మండిన చోటే మళ్ళీ మండింది. లేచి నిలబడింది. "పన్నెండో పేజీ చూడండి సార్. కాపీలు తీసి పంచవచ్చని ఉంది. దొంగతనంగా అయితే చాటుగా ఇవ్వాలి. నేను మీ ఎదురుగానే ఇస్తాను." సొరుగు లాగింది. నాలుగు పెన్‌డ్రైవులు వరసగా ఉన్నాయి. ఒకటి తీసి, గుమ్మం దగ్గర నిలబడ్డ నాలుగో గది అమ్మాయి చేతిలో పెట్టింది. మూడో గదాయనా ఐదో గదాయనా అడక్కుండానే చెయ్యి చాపారు. నాలుగోది టైపక్క చేతిలోనే ఉంచుకుంది.

"ఒక్క మాట సార్. మూడో పేరా మా గదులకే రాశారు. మీ గదిలో కంప్యూటరుకి సిస్టం ఎక్కించింది ఎవరండి?"

అధికారి మెల్లిగా తల తిప్పి డాక్టరు వైపు చూశాడు. డాక్టరు తేలు కుట్టిన దొంగలా వరండా కప్పు చూస్తున్నాడు.

తనిఖీ అక్కడితో ముగిసింది. ఎవరూ గది ఖాళీ చేయలేదు.

మర్నాడు మధ్యాహ్నం అటెండరు వచ్చాడు. "అయ్యగారు ఆ నాలుగో పెన్‌డ్రైవు తెమ్మన్నారక్కా."

వదిన ఆ పూట గదిలోనే ఉంది. టైపక్క ఆవిడ వైపు చూసింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది.

"ఉత్త పెన్‌డ్రైవు పట్టుకెళితే కుదరదు" అంది టైపక్క. "ముందు గుర్తు సరిచూడాలి. ఒకరు చదవాలి, ఒకరు చూడాలి. ఎవరు వాడుకుంటే వాళ్ళే చదవాలి, ఈ గదిలో పద్ధతి అది. అయ్యగారిని రమ్మను."

అటెండరు వెళ్ళాడు. అయ్యగారికి కోపమొస్తే మళ్ళీ ఇంకో నోటీసు రావచ్చు. వస్తే అదీ తనే టైపు చేయాలి. చేస్తుంది, ఒక్క తప్పు లేకుండా.

పావుగంట తర్వాత పై అధికారి పక్కకి తిరిగి లోపలికొచ్చాడు. రెండో కుర్చీలో కూర్చుని, కాగితం అందుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "ఏడు, సి, మూడు, మూడు..."

"అంత పరుగెందుకు బాబూ" అంది వదిన. "మొదటినుంచి చదువు."

ఆయన మళ్ళీ మొదటినుంచి చదివాడు.